కొల్లేటి లెక్కలో ఎక్కని పద్దులు

కైకలూరు: ఎకరా చేపల చెరువుకు ఈ ఏడు కౌలు ఎంత పలికిందని కొల్లేటి గ్రామాల్లో ఏ అరుగు మీద అడిగినా తడుముకోకుండా చెబుతారు. అదే ఎకరా చెరువుగా మారకముందు, కిక్కిస పెరిగే పల్లంగా, వానాకాలంలో మూడు నాలుగు అడుగుల నీరు నిలిచే నేలగా ఉన్న రోజుల్లో ఏటా ఎంత ఇచ్చేదని అడిగితే జవాబు చెప్పగలవారు అరుదు. ఇచ్చేదేమీ లేదు, అది ఉత్త బీడు అనేవారు కొందరు. చేపలిచ్చేది, గేదెకు గడ్డి ఇచ్చేది, తాగడానికి నీళ్ళిచ్చేది అని గుర్తు చేసుకునేవారు మరికొందరు. దానికి రూపాయల్లో లెక్క కట్టినవారు మాత్రం లేరు. కొల్లేరు గురించి నాలుగు దశాబ్దాలకు పైగా సాగుతున్న తగాదా అంతా ఈ ఒక్క లోటు చుట్టూ తిరుగుతున్నది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటికి తోడు రెండు డెల్టాల మురుగు కాలువలు దీనిలోకి వస్తాయి. బయటకు పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు అరవై కిలోమీటర్లు వంకర టింకరగా పోయి సముద్రంలో కలుస్తుంది. సరస్సు విస్తీర్ణం ఎంత అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తున నీరు నిలిస్తే 901 చదరపు కిలోమీటర్లు, అయిదు అడుగులకు 308, మూడు అడుగులకు 135. వీటినే ప్లస్ పది, ప్లస్ అయిదు, ప్లస్ మూడు కాంటూర్లని వ్యవహరిస్తున్నారు. 1999లో రాష్ట్ర ప్రభుత్వం ప్లస్ అయిదు కాంటూరు వరకు, అంటే సుమారు 76 వేల ఎకరాలను, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరింది. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు సరస్సు గ్రామాల్లో అధిక భాగం ఆ జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారినా తగాదా మారలేదు.

వెనుకటి తరంలో ఈ నేల వినియోగం వేరు. వానాకాలం సరస్సు నిండినప్పుడు తాటి దోనెల మీద తిరుగుతూ మావులు కట్టి, వలలు వేసి చేపలు పట్టేవారు. వేసవిలో నీరు తీసిన మేర దాళ్వా వరి ఊడ్చేవారు. లంక గ్రామాల వారికి అదే ఆధారం. వరదొస్తే పంట పోయేది, ఒక్కొక్కసారి ఇళ్ళూ పోయేవి. 1964 వరదల తరువాత మిత్రా కమిటీని నియమించి కొల్లేటి ముంపు సమస్యను పరిశీలింపజేశారు. ఈ జీవితం సుఖమైనదని ఎవరూ అనలేరు. 1970ల మధ్యలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చినప్పుడు ఆ పేదలకు తొలిసారిగా వానతోనూ వరదతోనూ నిమిత్తం లేని రాబడి కనిపించింది. చెరువుల వల్లే కొల్లేరు చెడిందని ఇవాళ సులువుగా అనేవారు ఈ సంగతి మరచిపోకూడదు.

తరువాత వచ్చింది వేరే కథ. 1980లలో శీలావతి, బొచ్చె చేపలకు హౌరా మార్కెట్టులో గిరాకీ పెరిగింది. ఐసు, లారీలు, తవుడు, కోళ్ళ ఎరువు, వీటన్నిటి వ్యాపారం కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో పుట్టుకొచ్చింది. సంఘాల చెరువులు కౌళ్ళ మీద బయటివారి చేతుల్లోకి పోయాయి. కొత్త గట్లు లేచాయి. 1967 నాటి పటంలో చేపల చెరువు అన్నది లేని చోట 2001 నాటి ఉపగ్రహ చిత్రంలో సరస్సు లోపల 1,050 చెరువులు, ఎండిపోయినవి మరో 38 లెక్కకు వచ్చాయి. అన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. అధ్యయనం చేసిన శాస్త్రజ్ఞులు సరస్సు మొత్తం 245 చదరపు కిలోమీటర్లుగా తీసుకున్నారు. అంటే చెరువుల కిందికి పోయినది నూటికి 42 పాళ్ళు. వరి కిందికి పోయినది మరో ఎనిమిదిన్నర పాళ్ళు. తేటనీరు ఆ చిత్రంలో ఎక్కడా కనబడలేదు. మిగిలినదంతా కలుపు, గుర్రపుడెక్క.

గట్టు వేస్తే పోయేది

చేపల చెరువులోనూ నీరే ఉంటుంది కదా, సరస్సులో నీరే చెరువులో ఉన్నది, పోయిందేమిటి అన్నది చెరువుల యజమానులు తరచు చేసే వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. దీన్ని కాస్త నిదానంగా పరిశీలించాలి.

సరస్సు చేసే మొదటి పని నీరు ఉంచుకోవడం కాదు, వచ్చిన నీటికి చోటు ఇవ్వడం. చేపల చెరువులో ఆగస్టు, సెప్టెంబరు నెలల నాటికే నాలుగయిదు అడుగుల నీరు నిండి ఉంటుంది. పైగా వరద లోపలికి రాకుండా గట్టు ఎత్తుగా వేస్తారు. గట్టు తెగితే చేప పోతుంది, అప్పు మిగులుతుంది, కనుక గట్టు ఎత్తడం యజమానికి తప్పదు. అంటే సరిగ్గా వరద వచ్చే రోజున ఆ నేల వరదకు ఇచ్చే చోటు సున్న.

ఇక లెక్క. 103 చదరపు కిలోమీటర్లంటే పాతిక వేల ఎకరాల పైచిలుకు. ఒక ఎకరం మీద ఒక అడుగు నీరంటే 43,560 ఘనపుటడుగులు. ఈ రెండిటినీ గుణిస్తే ఒక్క అడుగు మట్టానికి 1.1 టీఎంసీల చోటు పోయినట్లు తేలుతుంది. మూడు అడుగుల వరదకు 3.3 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే రోజుకు 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక రోజంతా పారే నీరు. ఆ లెక్కన మూడు అడుగులకు గాను 38 వేల క్యూసెక్కుల ప్రవాహాన్ని ఒక పగలు, ఒక రాత్రి ఆపగలిగిన కడుపు కొల్లేటికి లేకుండా పోయింది. పెద్ద వరదలో సరస్సులోకి లక్ష క్యూసెక్కులకు పైబడి రావచ్చునని ఇంజనీర్ల అంచనా. ఉప్పుటేరు మోయగలిగేది దానిలో చిన్న భాగమే. మిగిలినది ఎక్కడో ఒకచోట నిలవాలి. సరస్సులో చోటు లేకపోతే వరిచేలల్లో, లంక ఊళ్ళ వీధుల్లో నిలుస్తుంది. నీరు మాయం కాదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు రాష్ట్రమంతా సింగ్‌నగర్ వైపు చూసింది. అది సహజమే, అక్కడ లక్షలాది జనం నీళ్ళలో చిక్కుకున్నారు. బుడమేటి డైవర్షన్ కాలువ గండ్లు, నగరంలో ఆక్రమణలు, అన్నీ చర్చకు వచ్చాయి. కాని బుడమేరు నగరంతో ఆగదు. దాని తుది గమ్యం కొల్లేరు. నగరంలో నీరు తీసిన తరువాత లంక గ్రామాల రోడ్ల మీద నీరు ఎక్కింది. పెద ఎడ్లగాడి వంతెన కానాల దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడి నీరు కిందికి జారకపోవడం ఇక్కడి వారికి ఏటా అనుభవమే. పల్లపు ఊళ్ళ కష్టానికి పట్నం కష్టమంత వెలుతురు పడదన్నది పాత సంగతి.

వరద ఒక్కటే అయితే ఏడాదిలో నాలుగు రోజుల మాట అనుకోవచ్చు. రోజూ పడే కష్టం నీటి రుచిలో ఉన్నది. కొల్లేటి నీటిని కావిళ్ళతో మోసుకుని వడకట్టి తాగిన తరం ఇంకా ఊళ్ళలో ఉన్నది. ఆ మనవలు ఇప్పుడు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నారు. విజయవాడ, ఏలూరు, గుడివాడల మురుగు ఎప్పటినుంచో ఇటే వస్తున్నది. కిక్కిస, తుంగ, నాచు దట్టంగా ఉన్న రోజుల్లో ఆ మొక్కలు నీటి వేగం తగ్గించి మడ్డిని దింపేవి, మురుగులోని సారాన్ని పీల్చుకునేవి. జీతం లేని వడపోత యంత్రం వంటిదది. దాన్ని తీసివేసి పెట్టిన చెరువు అదే నీటిలో కోళ్ళ ఎరువు, మేత, మందులు కలిపి పట్టుబడి అయ్యాక డ్రెయినులోకి వదులుతుంది. మురుగు వడగట్టే నేల మురుగు పుట్టించే నేల అయింది. టిన్నుకు పెట్టే డబ్బు ఈ మార్పు తాలూకు బిల్లే. అది చెరువు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే తీరుగా వస్తున్నది.

వేసవిలో మరొక చిక్కు. సరస్సు మట్టం బాగా ఉంటే ఉప్పుటేరులో నీరు సముద్రం వైపు నెడుతుంది. మట్టం పడిపోతే పోటుకు ఉప్పునీరే ఎదురెక్కుతుంది. దానివల్ల ఒడ్డు పొలాలు చవుడు బారుతున్నాయన్న ఫిర్యాదు రైతుల నుంచి ఏళ్ళ తరబడి ఉన్నది. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదనా అంత పాతదే. కాంక్రీటుతో చేయవలసి వచ్చిన ఆ పనిని లోగడ మంచినీటి బరువే చేసేది. దానికి ఎస్టిమేటు లేదు, టెండరు లేదు.

ఇక చేపల సంగతి. కొర్రమేను, మట్టగిడస, ఇంగిలాయి, బొమ్మిడాయి, వాలుగ వంటి సరస్సు చేపలకు పిల్ల కొనాలా, మేత వేయాలా? వల ఉన్నవాడు పట్టుకునేవాడు. పూట గడవని ఇంట్లో కూర అదే. ఆ కూరకు మార్కెట్టు యార్డులో రశీదు లేదు కనుక జిల్లా ఉత్పత్తి లెక్కలో అది కనబడదు. దాని స్థానంలో లారీకెక్కి హౌరా పోయే శీలావతి టన్నుల్లో కనబడుతుంది. కాగితం మీద ఉత్పత్తి పెరిగింది, కొన్ని ఇళ్ళలో మాత్రం చేపల కూర తగ్గింది. గేదెల మేపు, బాతుల మందలు, కప్పుకు గడ్డి, వీటి కథా అంతే. ఇవి భూమి లేనివారి ఆస్తులు. గట్టు లేవగానే ముందు పోయేవి ఇవే.

పక్షుల కోసం మనుషుల పొట్టకొడతారా అన్న మాట కొల్లేటిలో ప్రతి ఎన్నికలలోనూ వినవచ్చేదే. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు పెట్టుకోవడానికి చెట్లు చాలక అటవీ శాఖ వారు ఇనుప స్టాండ్లు పాతించారు. వాటి మీద గూడు కట్టి పిల్లలను లేపుతున్న పక్షులను చూడడానికి జనం టికెట్టు కొని పడవెక్కుతున్నారు. చెట్టు ఊరికే చేసే పనికి ఇనుము కొనవలసి వచ్చిందన్న ఆలోచన ఆ పడవలో ఎందరికి వస్తుందో తెలియదు.

ఖరీదు కట్టే విద్య

ప్రకృతి ఊరికే చేసే ఇటువంటి పనులను పర్యావరణ సేవలు అంటున్నారు. వరదను ఆపడం, నీటిని వడగట్టడం, చేపకు గుడ్డుపెట్టే చోటివ్వడం, ఇవన్నీ సేవలే. వీటికి ధర కట్టే ప్రయత్నం పెద్ద ఎత్తున జరిగింది 1997లో. రాబర్ట్ కోస్టాంజా అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ప్రపంచంలోని అడవులు, చిత్తడి నేలలు, సముద్రాలు ఏటా చేసే సేవల విలువ సగటున 33 లక్షల కోట్ల డాలర్లని లెక్క కట్టారు. ఆనాటి ప్రపంచ దేశాలన్నిటి మొత్తం ఉత్పత్తి కంటే అది ఎక్కువ. 2014లో ఆ లెక్కను తిరగరాసి, 2011 సంవత్సరానికి ఆ విలువ 125 లక్షల కోట్ల డాలర్లన్నారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పారు. 1997, 2011 మధ్య నేల వినియోగం మారినందువల్ల ఏటా పోతున్న సేవల విలువ 4.3 నుంచి 20.2 లక్షల కోట్ల డాలర్ల దాకా ఉంటుందన్నారు. కింది అంకెకూ పై అంకెకూ ఇంత తేడా ఉండటమే ఈ విద్య ఎంత వరకు తేలిందో చెబుతున్నది.

ఈ లెక్క కట్టే సామాన్య పద్ధతి అడంగలు రాసినట్లే ఉంటుంది. ఏ రకం నేల ఎంత ఉన్నదో ఉపగ్రహ చిత్రం నుంచి తీస్తారు. ఒక్కో రకానికి హెక్టారుకు ఇంత అని రేటు పెడతారు. రెండిటినీ గుణించి కూడతారు. అడంగల్లో పంట కాలమ్‌లో ఏమి రాశారన్న దాన్నిబట్టి బ్యాంకు అప్పు, బీమా ఎలా మారతాయో రైతుకు తెలిసిన విషయమే. ఇక్కడా అదే ఇబ్బంది. ఉపగ్రహానికి చేపల చెరువూ నీలంగానే కనిపిస్తుంది, సరస్సూ నీలంగానే కనిపిస్తుంది. చెరువును జలవనరు అని రాస్తే కొల్లేటి విలువ ఏమీ తగ్గలేదని తేలుతుంది. కలుపు పట్టిన పల్లాన్ని తవ్వి నీటితో నింపారు కనుక విలువ పెరిగిందని కూడా తేలవచ్చు. చెరువు అని విడిగా రాసి, దానికి వరద నిలుపుదల సున్న, వడపోత సున్న అని పెడితే అదే నేల మీద నష్టం బయటపడుతుంది. రంగు ఒకటే, గట్టు ఉన్నదా లేదా అన్నదే తేడా. ఆకాశం నుంచి గట్టు సన్నని గీత మాత్రమే.

అలాగని చేపల చెరువు ఎక్కడున్నా చెరుపే అనుకోవడం పొరపాటు. కొల్లేటితో పాటు అదే 2002 ఆగస్టులో రాంసర్ జాబితాకెక్కిన తూర్పు కలకత్తా చిత్తడి నేలలు పన్నెండున్నర వేల హెక్టార్లు. అక్కడి భేరీలనే చేపల చెరువుల్లోకి నగరం మురుగునీరే మేతగా వస్తుంది. ఎండ, నాచు కలిసి ఆ నీటిని శుభ్రపరుస్తాయి, చేప పెరుగుతుంది, నగరానికి అంత మేర శుద్ధి కర్మాగారం ఖర్చు తప్పుతుంది. అక్కడ చెరువు పూడ్చి ఇళ్ళు కడితేనే సేవ పోతుంది. ఇక్కడ చెరువు తవ్వితే పోతున్నది. నేలను ఏ పనికి వాడుతున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు, అంతకు ముందు ఆ నేల ఏ పని చేస్తుండేదో కూడా చూడాలి.

దీనికంటే సులువైన లెక్క ఒకటి ఉన్నది. దానికి ఉపగ్రహం అక్కరలేదు. సరస్సు ఊరికే ఇచ్చినదాన్ని ఇవాళ ఊరు ఎంత పెట్టి కొంటున్నదో రాసుకోవడమే. ఏడాదికి ఎన్ని నీళ్ళ టిన్నులు, ముంపు రోజుల్లో పోయిన కూలి, మునిగిన ఎకరాల పెట్టుబడి, రోడ్డు మరమ్మతు, పశువులకు కొన్న గడ్డి. పంచాయతీ ఒకటి పూనుకుంటే ఒక సంవత్సరంలో తేలుతుంది. కొల్లేటి లోపలి, ఒడ్డు గ్రామాలు కలిపి 122. అన్నీ కూడితే ఎకరా కౌలు పక్కన పెట్టి చూడదగిన అంకె వస్తుంది. అది కౌలు కంటే ఎక్కువో తక్కువో ముందుగా ఎవరూ చెప్పలేరు. లెక్క చూడకుండానే తీర్పులు మాత్రం రెండు వైపులా సిద్ధంగా ఉన్నాయి.

2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశాల మీద ఆపరేషన్ కొల్లేరు పేరుతో పొక్లెయిన్లు పెట్టి, పేలుడు పదార్థాలు పెట్టి ప్లస్ అయిదు కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగగొట్టారు. నీరు స్వేచ్ఛగా పారింది. కాని ఆ చెరువుల్లో వాటాదారులైన సంఘాల పేదలకు బతుకుదెరువు చూపడం గట్లు కొట్టినంత వేగంగా జరగలేదు. సాంప్రదాయ పద్ధతిలో చేపల వేటకు అభయారణ్యంలో అభ్యంతరం లేదన్నారు. పూడిక నిండి, గుర్రపుడెక్క పట్టిన నీళ్ళలో వేట ఎంత సాగుతుంది? గట్లు కొట్టినంత మాత్రాన ముప్పయి ఏళ్ళ కిందటి సరస్సు తిరిగి రాలేదు. ఆ సందులోనే కొత్త గట్లు మళ్ళీ లేచాయి. ఈసారి పేదల పేరు, పెద్దల పెట్టుబడి.

2008లో శాసనసభ అభయారణ్యాన్ని ప్లస్ మూడు కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదింపును సమర్థించలేదు. కుదింపు కోరేవారి మాటలో న్యాయం లేకపోలేదు. ప్లస్ అయిదు లోపల వేలాది ఎకరాల జిరాయితీ ఉన్నది. తాతల నాటి పట్టా భూమిలో ఏమి వేయాలో అటవీ శాఖ చెప్పడమేమిటని ఆ రైతు అడుగుతున్నాడు. నష్టపరిహారం ఇవ్వకుండా, కొనకుండా, సాగు మాత్రం కట్టడి చేయడం అతనికి అన్యాయమే. ఆ పొలం వరద నీటికి చోటిచ్చి కింది ఊళ్ళను కాపాడుతున్నదని ప్రభుత్వం నమ్మితే, ఆ కాపలాకు ఏటా ఎకరానికి ఇంత అని జీతం కట్టి ఇవ్వవలసి ఉంటుంది. సేవకు విలువ ఉన్నదని పుస్తకాల్లో రాసి, ఆ సేవ చేసే నేల ఆసామికి దమ్మిడీ ఇవ్వకపోవడం ఏ లెక్కకూ నిలవదు.

అయితే కుదింపులో పోయేదీ రాసుకోవాలి. ప్లస్ అయిదు నుంచి ప్లస్ మూడుకు దిగితే బయటపడేది 173 చదరపు కిలోమీటర్లు, దాదాపు 43 వేల ఎకరాలు. ఇదంతా జిరాయితీ కాదు. అధిక భాగం ప్రభుత్వ భూమే. ఆ భూమి మీద గట్లు లేస్తే అడుగు మట్టానికి దాదాపు 1.9 టీఎంసీల చోటు కరువవుతుంది. కాంటూరు మీద జరిగే సభల్లో ఎకరాలెన్ని బయటికి వస్తాయన్న అంకె అందరి నోటా వినబడుతుంది. టీఎంసీల అంకె ఎవరి నోటా వినబడదు.

వరదలు వచ్చినప్పుడు ఎడ్లగాడి వంతెనల దగ్గర యంత్రాలు దింపి గుర్రపుడెక్క తీయించడం ఏటా జరిగే పనే. తీసిన డెక్కను గట్టు మీద కుప్పలు పోస్తారు. మరుసటి వానకు దానిలో కొంత మళ్ళీ నీటిలోకే జారుతుంది. ఆ ఖర్చు వరద సహాయం పద్దులో పడుతున్నది.